దుబాయి నాలుగు గంటలే - దూరమంతా నేల మీదే

జగిత్యాల: పాత కరీంనగర్ జిల్లాలో ఏ ఊరి టీ హోటలు ముందు నిలబడి దుబాయి ఎంత దూరమని అడిగినా "ఎంత, నాలుగ్గంటలే గద" అన్న జవాబు వస్తుంది. కిలోమీటర్లలో ఎవరూ చెప్పరు. టిక్కెట్లు అమ్మేవారూ అదే చెబుతారు, వీసా ఇప్పించే ఏజెంటూ అదే చెబుతాడు. కొడుకును పంపే తల్లికి ధైర్యం చెప్పడానికి కూడా ఈ నాలుగు గంటల మాటే పనికి వస్తున్నది. పట్నం పోయినంత సేపట్లో దుబాయి చేరవచ్చు, బిడ్డ ఎక్కడికో పోతున్నట్టు ఏడవడమెందుకు అని ఇరుగుపొరుగు వారు సముదాయిస్తారు.

ఈ మాటలో అబద్ధం లేదు. అయితే నిజం మాత్రం సగమే ఉన్నది. నాలుగు గంటలన్నది విమానం లెక్క. మనిషి లెక్క వేరు. ఇంటి గడప దాటింది మొదలు దుబాయిలో క్యాంపు గదిలో సంచి దించేదాకా ఎంతసేపు పడుతుందన్నది మనిషి లెక్క. అక్కడి నుంచి తిరిగి రావలసి వచ్చినప్పుడు, అందులోనూ ఇంట్లో చావుబతుకుల కబురు అందినప్పుడు, ఎంతసేపట్లో రాగలడన్నది అంతకంటె ముఖ్యమైన లెక్క. ఈ రెండో లెక్కను ప్రభుత్వం గాని, విమాన కంపెనీలు గాని, టిక్కెట్లు అమ్మేవారు గాని పట్టించుకోవడం లేదు. అందువల్ల నష్టపోతున్నది పేద కుటుంబాలే.

ఆకాశంలో లెక్క

శంషాబాదు విమానాశ్రయం నుంచి దుబాయి విమానాశ్రయానికి ఆకాశ మార్గాన సుమారు 2,550 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి దాదాపు 1,250 కిలోమీటర్లు. అంటే దుబాయి దూరం ఢిల్లీ దూరానికి రెండింతలు మాత్రమే. కువైట్ మరికొంత ఎక్కువ, సుమారు 3,370 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో లేచిన విమానం మహారాష్ట్ర మీదుగా పోయి అరేబియా సముద్రం చేరుతుంది. సముద్రం దాటి ఒమాన్ తీరం పక్కగా వచ్చి దుబాయిలో దిగుతుంది. దారిలో సగానికి పైగా సముద్రమే.

ప్రయాణికుల జెట్ విమానం పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున గంటకు సుమారు 850 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ వేగంతో 2,550 కిలోమీటర్లకు మూడు గంటలే పట్టాలి. మరి టిక్కెట్టు మీద నాలుగు గంటలు ఎందుకు వేస్తారన్న అనుమానం చదువుకున్న వారికి కూడా ఉన్నది. టిక్కెట్టు మీద వేసే సమయం గాలిలో ఎగిరే సమయం కాదు. విమానం నిలిచిన చోటు నుంచి కదిలింది మొదలు, అవతలి విమానాశ్రయంలో తన చోటికి వచ్చి ఆగేదాకా లెక్క వేస్తారు. రన్‌వే దాకా నేల మీద నడవడం, ముందున్న విమానాలు లేచేదాకా ఆగడం, పైకి ఎక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు వేగం తక్కువగా ఉండడం, దుబాయి వంటి రద్దీ విమానాశ్రయంలో దిగడానికి వంతు వచ్చేదాకా చుట్టు తిరగడం - ఇవన్నీ కలిసి ఆ నాలుగో గంట అవుతుంది.

గాలి సంగతి కూడా ఉన్నది. చలికాలంలో ఉత్తర, మధ్య భారతం మీదుగా చాలా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. దుబాయికి పోయే విమానానికి అది ఎదురుగాలి. వచ్చే విమానానికి వెనుక నుంచి తోసే గాలి. అందుకే పోయేటప్పుడు నాలుగు గంటలు పట్టిన దారికి వచ్చేటప్పుడు మూడున్నర గంటలే పట్టడం మామూలు. ఎడ్లబండికి ఎత్తు, పల్లం ఎట్లాగో విమానానికి గాలి అట్లాగు.

రెండు గడియారాలు

మొదటిసారి పోయేవారిని తికమక పెట్టేది గడియారం. తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాదులో బయలుదేరిన విమానం దుబాయిలో ఉదయం 6.30కి దిగినట్టు టిక్కెట్టు మీద ఉంటుంది. చూసేవారికి రెండున్నర గంటల ప్రయాణమే అనిపిస్తుంది. తిరుగు టిక్కెట్టు మీద రాత్రి 10 గంటలకు బయలుదేరి తెల్లవారుజామున 3 గంటలకు చేరినట్టు ఉంటే అయిదు గంటలనిపిస్తుంది. దుబాయి గడియారం మన గడియారం కంటె గంటన్నర వెనుక నడవడమే దీనికి కారణం. మొదటి దానికి గంటన్నర కలపాలి, రెండో దానికి గంటన్నర తీసివేయాలి. అప్పుడు నాలుగు గంటలు, మూడున్నర గంటలు అన్న అసలు లెక్క తేలుతుంది. మస్కట్‌కు కూడా గంటన్నర తేడాయే. కువైట్, సౌదీ, ఖతార్, బహ్రెయిన్ గడియారాలు మన కంటె రెండున్నర గంటలు వెనుక ఉంటాయి.

ఇంతకంటె ప్రమాదమైనది అర్ధరాత్రి టిక్కెట్టు. గల్ఫ్ విమానాలు చాలావరకు రాత్రి వేళ, తెల్లవారుజామున ఉంటాయి. టిక్కెట్టు మీద 15వ తేదీ, 00.40 అని ఉన్నదనుకుందాం. అది 14వ తేదీ రాత్రి 12 దాటిన తరువాత నలభై నిమిషాలకు అన్న మాట. పల్లెల్లో రాత్రి అంటే తెల్లవారేదాకా ముందటి రోజు కిందనే లెక్క. అందువల్ల 15వ తేదీ రాత్రి పోవాలని అనుకొని ఆ సాయంత్రం ఊరి నుంచి బయలుదేరిన వారు విమానాశ్రయంలో నిలబడి ఏడ్చిన సందర్భాలు ఉన్నాయి. నిజానికి జగిత్యాల పక్క పల్లె నుంచి ఈ విమానానికి పోవాలంటే 14వ తేదీ మధ్యాహ్నం భోజనం కాగానే బయలుదేరాలి. ఒక్క రోజు తేడాతో టిక్కెట్టు డబ్బు పోతుంది. అప్పు చేసి కొన్న టిక్కెట్టు అయితే దాని వడ్డీ మాత్రం మిగులుతుంది.

టిక్కెట్టు ఇంగ్లీషులో ఉంటుంది, సమయం ఇరవై నాలుగు గంటల పద్ధతిలో ఉంటుంది. పదో తరగతి దాటని మనిషి దానిని చదువుకోలేకపోవడం అతని తప్పు కాదు. "14వ తేదీ రాత్రి 9 గంటలకల్లా శంషాబాదులో ఉండాలి" అని తెలుగులో ఒక్క ముక్క రాసి ఇవ్వడానికి టిక్కెట్టు అమ్మిన వారికి పైసా ఖర్చు లేదు. అయినా రాసి ఇచ్చేవారు తక్కువ.

నేల మీద లెక్క

ఇప్పుడు మనిషి లెక్క చూడాలి. జగిత్యాలకు ఇరవై కిలోమీటర్ల దూరాన ఉన్న పల్లె నుంచి ఒక కూలీ దుబాయికి బయలుదేరాడనుకుందాం. ఆటో కోసం నిలబడింది, జగిత్యాల చేరింది కలిపి గంట. అక్కడి నుంచి సికింద్రాబాదు జూబిలీ బస్టాండుకు దాదాపు 200 కిలోమీటర్లు, బస్సులో అయిదు గంటలు. జూబిలీ బస్టాండు ఊరికి ఒక కొసన, శంషాబాదు మరొక కొసన. మధ్యన నగరమంతా దాటాలి. ఆ 40 కిలోమీటర్లకు బస్సు కోసం ఆగడంతో కలిపి రెండు గంటలు. విమానాశ్రయంలో మూడు గంటల ముందు ఉండాలి. విమానంలో నాలుగు గంటలు. దిగిన తరువాత పాస్‌పోర్టు తనిఖీ, సామాను కలిపి గంటన్నర. అక్కడి నుంచి సోనాపూర్ వంటి చోట ఉన్న కార్మికుల క్యాంపుకు మరొక గంట.

మొత్తం పదిహేడున్నర గంటలు. ఇందులో విమానం ఎగిరేది నాలుగు గంటలు. అంటే నాలుగో వంతు కూడా కాదు. ఇది అన్నీ సవ్యంగా జరిగినప్పటి లెక్క. బస్సు టైరు పంక్చరైనా, నగరంలో వాన పడినా, ఊరేగింపు అడ్డం వచ్చినా మారిపోతుంది. ఆ భయంతో చాలామంది విమానానికి పది, పన్నెండు గంటల ముందే శంషాబాదు చేరి, సూట్‌కేసు మీద తల పెట్టుకొని పడుకుంటున్నారు.

మరొక విధంగా లెక్క వేసి చూస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. ఆకాశంలో నూరు కిలోమీటర్లకు పది నిమిషాలు కూడా పట్టడం లేదు. అదే మనిషికి పల్లె నుంచి విమానాశ్రయం దాకా ఉన్న 260 కిలోమీటర్లకు ఎనిమిది గంటలు పడుతున్నది. నూరు కిలోమీటర్లకు మూడు గంటలన్న మాట. సముద్రం దాటడం కంటె సికింద్రాబాదు దాటడం కష్టమైపోయింది.

తక్కువ ధర టిక్కెట్టు కొన్నవారి సంగతి ఇంకొకటి. వారి విమానం తిన్నగా పోదు. బొంబాయిలోనో, మస్కట్‌లోనో, మరొక చోటనో దింపి ఆరు, ఎనిమిది గంటలు కూర్చోబెడుతుంది. నాలుగు గంటల దారి పన్నెండు గంటల దారి అవుతుంది. ఆ సంగతి చాలామందికి టిక్కెట్టు కొన్న నాడు తెలియదు, విమానం దిగిన తరువాత తెలుస్తుంది. చేతిలో ఆ దేశపు డబ్బు ఉండదు. ఒక చాయ్ తాగాలన్నా అడిగేవారు లేక మంచినీళ్లతో గడుపుతారు.

ఇదివరకటి కంటె ఇప్పుడు మేలే గదా అని అనేవారున్నారు. ఆ మాట కాదనలేము. 1973లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలలో పనులు మొదలైన తరువాత ఈ జిల్లా వారు పోయిన దారి బొంబాయి దారి. ఏజెంటు చుట్టూ తిరుగుతూ బొంబాయి గల్లీలలో వారాలు, నెలలు గడిపినవారు ఇప్పటికీ ఊళ్లలో ఉన్నారు. బొంబాయి నుంచి గల్ఫ్ రేవులకు ప్రయాణికులను చేరవేసిన ద్వారకా అనే ఓడ 1982 దాకా నడిచింది. ఆ రోజులతో పోల్చితే 2008లో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ప్రయాణం సుఖమైన మాట వాస్తవం. బొంబాయి దాకా పోవలసిన అవసరం తప్పింది. అయితే ముప్పై, నలభై ఏళ్లలో ఆకాశంలో వచ్చినంత మార్పు పల్లె నుంచి విమానాశ్రయం దాకా ఉన్న దారిలో రాలేదన్నది కూడా అంతే వాస్తవం.

చివరి చూపు

పోయేటప్పుడు పదిహేడు గంటలైనా, ఇరవై గంటలైనా మనిషి ఓర్చుకుంటాడు. ఓర్చుకోలేనిది రావలసి వచ్చినప్పుడు.

తండ్రి చనిపోయాడన్న కబురు దుబాయికి చేరడానికి ఇప్పుడు ఒక్క నిమిషం కూడా పట్టదు. సెల్‌ఫోన్ ఉన్నది. కబురు చేరిన నిమిషం నుంచి కొడుకు ప్రయాణం మొదలు కావాలి. కాని మొదలు కాదు. ముందు సెలవు అడగాలి. సూపర్‌వైజరు ఫోరుమన్‌ను అడగమంటాడు, ఫోరుమన్ ఆఫీసులో అడగమంటాడు. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంటుంది. కార్మికుని పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడం ఆ దేశపు నిబంధనలకే విరుద్ధం, అయినా పెట్టుకునేవారు ఉన్నారు. ఆ బీరువా తాళం చేతులున్న మనిషి వచ్చేదాకా ఆగాలి. తరువాత టిక్కెట్టు. నెల ముందు కొన్న టిక్కెట్టుకు, ఆ రాత్రికి ఆ రాత్రే కొన్న టిక్కెట్టుకు ధరలో రెండు, మూడు రెట్ల తేడా ఉండడం మామూలైపోయింది. పండుగ రోజులో, పిల్లల సెలవులో అయితే చెప్పనక్కర లేదు. నెల జీతం పెట్టినా చాలకపోతే గదిలో ఉన్న నలుగురూ తలా కొంత వేసుకుంటారు.

ఇంత చేసి బయలుదేరినా శంషాబాదులో దిగిన తరువాత పల్లెకు చేరడానికి మళ్లీ ఆరు, ఎనిమిది గంటలు. ఊరిలో శవాన్ని ఎంతసేపు ఉంచుతారు? ఐస్ పెట్టె తెచ్చి ఒక రాత్రి ఆపుతారు. రెండో రోజు పొద్దు గూకేలోగా కార్యం జరిపించాలని పెద్దలు తొందరపెడతారు. అది వారి తప్పు కూడా కాదు. చివరకు తమ్ముడో, పాలివాడో కొరివి పెడతాడు. పెద్దకొడుకు క్యాంపు గదిలో మంచం మీద కూర్చొని సెల్‌ఫోన్‌లో తండ్రి చితిని చూస్తాడు. నాలుగు గంటల దూరంలో ఉన్న కొడుకుకు జరుగుతున్నది ఇది.

ఇదే జిల్లా నుంచి అమెరికా పోయినవారూ ఉన్నారు. హైదరాబాద్ నుంచి చికాగో ఆకాశ మార్గాన సుమారు 13,280 కిలోమీటర్లు. దుబాయి కంటె అయిదింతలు. 2021 జనవరిలో ఎయిరిండియా ఈ రెండు నగరాల మధ్య ఎక్కడా ఆగని విమానం నడిపినప్పుడు కూడా దాదాపు పదిహేడు గంటలు గాలిలోనే పట్టేది. అయినా మంచి ఉద్యోగం, వీసా కాగితాలు సక్రమంగా ఉన్న చికాగో కొడుకు కబురు అందిన గంటలో టిక్కెట్టు కొనగలడు, పాస్‌పోర్టు అతని సొరుగులోనే ఉంటుంది, శంషాబాదులో దిగగానే కారు ఎక్కగలడు. అయిదింతల దూరంలో ఉన్నవాడు ముందు వచ్చే అవకాశం ఉన్నది, నాలుగు గంటల దూరంలో ఉన్నవాడికి లేదు. దూరమన్నది కిలోమీటర్లలో లేదు, చేతిలో ఉన్న డబ్బులో, కాగితాలలో ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది.

కొడుకే అక్కడ చనిపోతే సంగతి మరీ ఘోరం. ఆసుపత్రి వారి కాగితం, పోలీసుల అనుమతి, మరణ ధ్రువపత్రం, పాస్‌పోర్టు రద్దు, భారత కాన్సులేటు వారి అభ్యంతరం లేదన్న పత్రం, శవం చెడిపోకుండా మందు ఎక్కించడం, విమానంలో సరకు విభాగంలో చోటు - ఇన్ని మెట్లున్నాయి. ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క ఆఫీసు. 2022 జనవరి నుంచి ఆ దేశంలో వారాంతపు సెలవు శని, ఆదివారాలకు మారింది, శుక్రవారం సగం రోజే పని. గురువారం రాత్రి చనిపోయినవాని కాగితాలు సోమవారం దాకా కదలకపోవచ్చు. మామూలు చావైతే రోజులు, ప్రమాదమో, ఆత్మహత్యో, కేసో అయితే వారాలు పడుతున్నది. మూడున్నర గంటల దారి అది. ఇక్కడ తల్లి రోజూ ఫోను చేసి "ఎప్పుడొస్తడు బిడ్డా" అని అడుగుతూనే ఉంటుంది.

ఇటువంటి వారి కోసం భారత ప్రభుత్వం 2009లో భారతీయ సమాజ సంక్షేమ నిధి అని ఒకటి పెట్టింది. దిక్కు లేని సందర్భాలలో శవాన్ని ఇంటికి పంపే ఖర్చు దాని నుంచి భరించవచ్చు. పదో తరగతి లేని వారు వలస అనుమతి తీసుకొని పోతే ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 10 లక్షల రూపాయలు వస్తాయి. విజిట్ వీసా మీద పోయి పనిలో చేరినవారికి ఈ బీమా వర్తించదు. ఈ సంగతులు ఎన్ని ఇళ్లకు తెలుసునన్నదే ప్రశ్న. తెలిసిన ఇంటికి సహాయం అందుతుంది, తెలియని ఇంటివారు దళారి చుట్టూ తిరుగుతారు.

ఆకాశం మూసుకున్న రోజులు

ఆ నాలుగు గంటలు కూడా ఎల్లప్పుడూ నాలుగు గంటలు కావని ఈ మధ్య సంవత్సరాలు రుజువు చేశాయి. 2020 మార్చిలో కరోనా వల్ల విదేశీ విమానాలు ఆగిపోయాయి. ఆ ఏడు మే 7 నుంచి వందే భారత్ పేరుతో ప్రత్యేక విమానాలు నడిపారు. మామూలు రాకపోకలు పూర్తిగా మొదలైంది 2022 మార్చి 27న. 2024 ఏప్రిల్ 16న దుబాయిలో ఎన్నడూ లేనంత వాన కురిసి విమానాశ్రయంలో నీరు నిలిచింది, వందలాది విమానాలు ఆగిపోయాయి. 2025 జూన్ 23న ఇరాన్, ఖతార్‌లోని అమెరికా సైనిక స్థావరంపై క్షిపణులు వేసినప్పుడు గల్ఫ్ దేశాలు కొన్ని గంటల పాటు ఆకాశాన్ని మూసివేశాయి. అటువంటి రాత్రి ఈ జిల్లాలో ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరలేదో ఆ ఇళ్లవారికే తెలుసు. ఆ సమయంలో ఎవరిని అడగాలో, ఏ నంబరుకు ఫోను చేయాలో చెప్పే మనిషి జిల్లాలో ఒక్కడైనా ఉంటే కొంత ఊరట కలుగుతుంది.

విమానాశ్రయాలే మందా?

దీనికంతటికీ మందు జిల్లాకొక విమానాశ్రయమేనని నాయకులు అంటూ ఉంటారు. వరంగల్ మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్ గురించి, నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి గురించి ఏళ్ల తరబడి మాట వినిపిస్తున్నది. విమానాశ్రయం వస్తే ఎవరూ వద్దనరు. కాని అది రాగానే దుబాయి విమానం అక్కడి నుంచి లేస్తుందనుకోవడం పొరపాటు. విదేశీ విమానం నడవాలంటే పొడుగైన రన్‌వే కావాలి, పాస్‌పోర్టు తనిఖీకి, కస్టమ్సుకు సిబ్బంది కావాలి, రెండు దేశాల ఒప్పందం ప్రకారం సీట్లు దొరకాలి, విమాన కంపెనీకి గిట్టుబాటు కావాలి. ఇవన్నీ సమకూరేసరికి ఇప్పుడు పోతున్న యువకుల పిల్లలు పోయే వయసుకు వస్తారు. భూమి, కోట్ల రూపాయలు, సంవత్సరాలు కావలసిన పని కోసం ఎదురుచూస్తూ, రెండు బస్సులతో, ఒక గుమాస్తాతో అయ్యే పనిని ఆపడం తెలివి కాదు.

విమాన కంపెనీల వాదన కూడా వినవలసిందే. ఖాళీ సీట్లతో ఎగిరిన రోజు నష్టం వస్తుంది, ఆఖరి నిమిషంలో సీటు కావలసిన వారు ఎక్కువ చెల్లించడం వల్లనే ముందు కొన్నవారికి తక్కువకు ఇవ్వగలుగుతున్నామని వారంటారు. వ్యాపారం మాటగా అది సరైనదే. కాని పెళ్లికో, వ్యాపారానికో ఆఖరి నిమిషంలో పోయే వానిని, తండ్రి చావుకు పోయే వానిని ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఒక విమానంలో 180 సీట్లుంటే అటువంటి వారికి రెండు సీట్లు మామూలు ధరకు ఇచ్చినంత మాత్రాన ఏ కంపెనీ దివాలా తీయదు. మరణ ధ్రువపత్రమో, సర్పంచి, పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన కాగితమో చూసి ఇవ్వవచ్చు. దొంగ కాగితాలు వస్తాయన్న భయం ఉంటే తరువాత విచారించి పూర్తి ధర వసూలు చేసే షరతు పెట్టుకోవచ్చు.

చేయదగిన పనులు

కాబట్టి అధికారులు, ప్రజాప్రతినిధులు ముందుగా నేల మీది దూరాన్ని తగ్గించాలి. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్ బస్టాండ్ల నుంచి జూబిలీ బస్టాండులో దిగే పని లేకుండా, అవుటర్ రింగు రోడ్డు మీదుగా తిన్నగా శంషాబాదుకు పోయే బస్సులు గల్ఫ్ విమానాల వేళలకు సరిపోయేటట్టు చాలినన్ని నడపాలి. తెల్లవారుజామున దిగేవారికి కూడా తిరుగు బస్సు సిద్ధంగా ఉండాలి. దీనివల్ల పోను రెండు గంటలు, రాను రెండు గంటలు కలిసివస్తాయి. ఇప్పుడు నలుగురు కలిసి జీపు మాట్లాడుకొని వేల రూపాయలు పోస్తున్నారు. ఆ డబ్బులో కొంత ఆర్టీసీకి వస్తే సంస్థకూ మేలే.

రెండోది, టిక్కెట్టు అమ్మేవారు, వలస ఏజెంట్లు ప్రతి ప్రయాణికునికి తెలుగులో ఒక కాగితం ఇవ్వాలన్న నిబంధన పెట్టాలి. ఏ తేదీ, ఏ పూట ఊరి నుంచి కదలాలి, శంషాబాదులో ఎన్ని గంటలకు ఉండాలి, మధ్యలో ఎక్కడ ఎన్ని గంటలు ఆగాలి, అక్కడి గడియారంలో ఎప్పుడు దిగుతాడు, మొత్తం ఎన్ని గంటలు - ఈ అయిదు సంగతులు చాలు. నాలుగు గంటలని నోటితో చెప్పి పద్దెనిమిది గంటల టిక్కెట్టు చేతిలో పెట్టే పద్ధతి పోవాలి.

మూడోది, ప్రతి జిల్లా కలెక్టరాఫీసులో గల్ఫ్ కుటుంబాల కోసం ఒక కిటికీ తెరవాలి. హైదరాబాద్‌లో ప్రజాభవన్‌లో 2024లో ప్రవాసీ ప్రజావాణి పేరుతో ఒక కౌంటరు ప్రారంభించారు. మంచి పని. కాని కొడుకు శవం కోసం ఎదురుచూసే తల్లి ఆ కౌంటరుకు చేరడానికి పోను ఆరు గంటలు, రాను ఆరు గంటలు. దుబాయి నుంచి హైదరాబాద్‌కు విమానం ఒకసారి పోయి వచ్చే సమయం కంటె ఎక్కువ సేపు ఆమె బస్సులోనే గడపవలసి వస్తున్నది. ఆ కౌంటరు శాఖ జిల్లాలో ఉంటే, అక్కడ కూర్చున్న గుమాస్తాకు కాన్సులేటు వారితో మాట్లాడే అధికారం, వీలు ఉంటే, ఏ కాగితం ఏ మెట్టు మీద ఆగిందో అదే రోజు చెప్పవచ్చు. సెలవు రోజుల్లో కూడా ఒక మనిషి ఫోను ఎత్తాలి. చావుకు ఆదివారం లేదు.

నాలుగోది, ఇంట్లో చావు జరిగిన కార్మికునికి మామూలు ధరకు సీటు ఇచ్చే ఏర్పాటు గురించి కేంద్ర పౌర విమానయాన శాఖ కంపెనీలతో మాట్లాడాలి. ఆ దేశపు యజమానులు పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకోవడం మీద కాన్సులేటు గట్టిగా ఉండాలి. ఈ రెండూ జిల్లా స్థాయిలో అయ్యేవి కావు. అందుకే పార్లమెంటు సభ్యులు తీసుకోవలసిన బాధ్యత ఇది. ఎన్నికలప్పుడు గల్ఫ్ కుటుంబాల ఓట్లు అడిగినవారు సభలో ఆ కుటుంబాల మాట కూడా అడగాలి.

ఐదోది కుటుంబాలు చేయవలసింది. పోయేవాడి పాస్‌పోర్టు నకలు, వీసా నకలు, కంపెనీ పేరు, క్యాంపు చిరునామా, తోటివారు ఇద్దరి ఫోను నంబర్లు ఇంట్లో ఒక కవరులో ఉంచాలి. కష్టం వచ్చిన రోజున ఈ కవరు లేని ఇంటివారు మొదటి రెండు రోజులు దాని కోసమే తిరుగుతున్నారు. వలస అనుమతి, బీమా లేకుండా ఎవరినీ పంపకూడదు. ఇందుకు పెద్దగా డబ్బు అక్కర లేదు, జాగ్రత్త చాలు.

ఈ పనుల్లో ఏదీ విమానాన్ని ఇంకా వేగంగా నడపమని అడిగేది కాదు. విమానం తన పని తాను చేస్తున్నది, 2,550 కిలోమీటర్లను నాలుగు గంటల్లో దాటిస్తున్నది. మిగిలిన 260 కిలోమీటర్లు, మిగిలిన ఆఫీసులు, మిగిలిన కాగితాలు మనుషుల చేతుల్లో ఉన్నవి. ఈ జిల్లాల పల్లెల్లో కట్టిన స్లాబు ఇళ్లలో, జరిగిన పెళ్లిళ్లలో, తీరిన అప్పులలో దుబాయి డబ్బు ఉన్నది. ఆ డబ్బు పంపిన మనిషి తండ్రి చితి ఆరకముందు ఇంటికి చేరగలగాలి. సంబంధిత అధికారులు ఇకనైనా ఈ లెక్కను ఇంటి గడప నుంచి వేయడం మొదలుపెట్టాలి.